ఈస్టర్ ఒక్క ఉదయంతో ముగిసిపోవాలా?

ప్రశ్న

మాది కావలి దగ్గర ఒక పల్లె. మాది బాప్టిస్టు సంఘం. భస్మ బుధవారం మొదలుకొని నలభై రోజులూ ప్రతి సాయంత్రం శ్రమల ధ్యానాలు జరుపుకుంటాము. మంచి శుక్రవారం నాడు సిలువ మీది ఏడు మాటలు, ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన, ఆ తరువాత మందిరంలో ఆరాధన ఉంటాయి. మర్నాటి నుంచి ఏమీ ఉండదు. వేదాంత కళాశాలలో చదువుతున్న మా అబ్బాయి, ఈస్టర్ అంటే పెంతెకొస్తు (శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన దినం) వరకు యాభై రోజుల పండుగ అని, మనం కూడా అలా ఆచరించాలని అంటున్నాడు. సంఘ పెద్దలను అడిగితే అది కతోలికుల పద్ధతి, బైబిలులో లేదు అన్నారు. స్త్రీల సమాజం కార్యదర్శిగా నాకు మరో సందేహం ఉంది. మా శుక్రవారపు ఉపవాస ప్రార్థనను ఆ యాభై రోజులూ మానుకోవాలా? ఈ ఎండల్లో అన్ని రోజులు కూడికలు పెడితే ఎవరు వస్తారు? చివరగా ఒక సొంత మాట. సంక్రాంతి దాటిన వారంలో మా అన్నయ్య చనిపోయాడు. ఈ సంవత్సరం ఒక్క రోజు సంతోషంగా పాడడమే నాకు కష్టం, యాభై రోజులు ఎలా?

– ఒక సోదరి, కావలి ప్రాంతం

సమాధానం

సోదరీ, సొంత మాట అంటూ మీరు చివర రాసిన ప్రశ్ననే ముందుగా తీసుకుంటున్నాను. మిగతా ప్రశ్నల జవాబులన్నీ దాని గుండానే వెళ్ళవలసి ఉంది. మీకూ, మీ వదినగారికీ, పిల్లలకూ ప్రభువు ఆదరణ కలగాలని ప్రార్థిస్తున్నాను.

ఆ మొదటి ఆదివారం ఉదయం ఎవరెవరు ఎలా ఉన్నారో నాలుగు సువార్తలనూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. మార్కు రాసిన ప్రకారం స్త్రీలు వణుకుతూ సమాధి దగ్గర నుంచి పారిపోయారు. భయం వల్ల ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. లూకా రాసిన ప్రకారం, వాళ్ళు తెచ్చిన కబురు అపొస్తలుల దృష్టికి వెర్రిమాటలుగా కనబడింది. మగ్దలేనే మరియ సమాధి బయట నిలబడి ఏడుస్తూ, ఎదురుగా ఉన్న ప్రభువును తోటమాలి అనుకుంది. ఎమ్మాయుకు నడిచి వెళ్తున్న ఇద్దరూ దారిలో దుఃఖముఖులై నిలిచారు. సాయంకాలమైనా శిష్యులు యూదులకు భయపడి తలుపులు మూసుకొనే ఉన్నారు. తోమాకు మరో ఎనిమిది రోజులు పట్టింది. గలిలయలో కొండ మీద ఆయనను చూసి మ్రొక్కిన వారిలోనే కొందరు సందేహించారని మత్తయి దాచకుండా రాశాడు. ప్రభువు లేచిన ఉదయానే శిష్యులకు సంతోషం పూర్తిగా అందలేదు. ఆయన నలభై రోజుల పాటు వాళ్ళకు కనబడుతూ, వాళ్ళతో కలిసి భోజనం చేస్తూ, చేతులూ ప్రక్కా చూపిస్తూ, ఆ సత్యాన్ని వాళ్ళలో మెల్లమెల్లగా స్థిరపరిచాడు. ఆయన పరలోకానికి ఆరోహణమైన తరువాత మరో పది రోజులు వాళ్ళు మేడగదిలో కనిపెట్టుకొని ఉన్నారు. ఆ తరువాతనే పెంతెకొస్తు వచ్చింది. కళ్ళారా చూసిన వారికే ఇంత కాలం అవసరమైతే, చూడకుండా నమ్మవలసిన మనం ఆ పనినంతా ఒక సూర్యోదయానికీ మధ్యాహ్న భోజనానికీ మధ్య ముగించుకోవాలనుకోవడం సరికాదు. ఈస్టర్‌ను ఒక కాలంగా ఆచరించాలనడానికి నాకు కనబడే బలమైన కారణం ఇదే.

అందువల్ల యాభై రోజుల పండుగ అంటే యాభై రోజులు ముఖం మీద నవ్వు పులుముకొని తిరగడం కాదు. మరియను ప్రభువు "ఎందుకు ఏడ్చుచున్నావు" అని అడిగాడు కానీ ఏడవవద్దని గద్దించలేదు. ఆ వెంటనే పేరు పెట్టి పిలిచాడు. లేచిన దేహంలో మేకుల గురుతులు అలాగే ఉన్నాయి. గాయాన్ని దాచుకోవలసిన అవసరం ఆయనకే లేనప్పుడు మీకు ఎందుకు ఉండాలి? దుఃఖంలో ఉన్నవారికి ఒక్క రోజు పండుగ కంటే నిదానంగా సాగే పండుగే మేలు. ఆ ఒక్క రోజున గొంతు పెగలకపోతే ఆ ఏటికి అవకాశం పోయినట్టే అవుతుంది. ఏడు వారాలు ఉంటే, మొదటి ఆదివారం నోరు మెదపలేని మనిషి అయిదో ఆదివారం ఒక చరణం పాడగలగవచ్చు. పాడలేకపోయినా ఫరవాలేదు. మిగతా సంఘం పాడేది అలాంటి వారి పక్షంగా కూడానని మీరు నమ్మండి, మీ సమాజపు స్త్రీలకు కూడా చెప్పండి.

సమాధుల తోట విషయం కూడా చెబుతాను. మన జిల్లాల్లో శనివారం సాయంత్రానికే సమాధుల మధ్య గడ్డి పీకి, పాత సమాధులకు సున్నం వేసి, తెల్లవారుజామున చీకటిలో ఒక్కొక్క దాని మీద కొవ్వొత్తులు నిలబెడతారు. సిమెంటు సమాధుల మీద కొవ్వొత్తి నిలుస్తుంది. మీ అన్నగారిది ఇంకా మట్టిదిబ్బగానే ఉండి ఉంటుంది, అక్కడ చేత్తో మట్టి గుంట చేసి నిలపవలసి వస్తుంది. మీ వదినగారికి ఆ క్షణం చాలా కష్టమైనది. ఆమె పక్కన మీరు ఉండండి. పాట నడిపించే బాధ్యత ఈ ఒక్క సంవత్సరం మరొకరికి అప్పగించండి. ఆ జనంలో నిలబడడం ఆమె వల్ల కాకపోతే బలవంతపెట్టవద్దు. రెండో వారంలోనో మూడో వారంలోనో ఒక సాయంత్రం మీరిద్దరే పిల్లలను తీసుకొని వెళ్ళి, యోహాను 20వ అధ్యాయం చదువుకొని రండి. అప్పటికి కూడా ఈస్టర్ కాలమే కనుక, ఆ ప్రార్థన కూడా ఈస్టర్ ప్రార్థనే అవుతుంది.

ఇక బైబిలులో ఉందా అన్న ప్రశ్న. లేవీయకాండము 23వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఒక లెక్క చెప్పాడు. కోతలో మొదటి పనను (కోసి కట్టిన వెన్నుల కట్టను) యాజకుని దగ్గరకు తేవాలి. విశ్రాంతి దినానికి మరునాడు యాజకుడు దానిని యెహోవా సన్నిధిని అల్లాడించాలి. ఆ రోజు నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి, యాభయ్యవ రోజున కొత్త పంట పిండితో కాల్చిన రెండు రొట్టెలు అర్పించాలి. ఆ దేశంలో యవల కోత ముందు వస్తుంది, గోధుమ కోత తరువాత వస్తుంది. ఆ రెంటి మధ్య ఏడు వారాలూ కోతల కాలమే. పెన్నా కాలువల కింద వరి పండించే మన రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. తొలి పన కళ్ళానికి చేరిందంటే మిగతా చేను కూడా పండిందని అర్థం, ఆ పనతో కోత ముగిసిందని కాదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో "నిద్రించినవారిలో ప్రథమఫలముగా క్రీస్తు మృతులలోనుండి లేపబడియున్నాడు" అన్నప్పుడు చెప్పినది ఈ మాటే. మీ అన్నగారు ఆ చేనులోని వారే. మొదటి పనకూ పూర్తి కోతకూ మధ్య ఉన్న రోజులను లెక్కపెట్టుకుంటూ బ్రతకడం, ప్రియులను మట్టికి అప్పగించి వచ్చిన కుటుంబం చేయగలిగిన విశ్వాసపు పనులన్నిటిలోనూ గొప్పదని నేను అనుకుంటాను.

అపొస్తలులు కూడా ఈ లెక్కను మరచిపోలేదు. పెంతెకొస్తు వరకు ఎఫెసులో ఉంటానని పౌలు కొరింథీయులకు రాశాడు. మరొకసారి పెంతెకొస్తు నాటికి యెరూషలేములో ఉండాలని త్వరపడ్డాడని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చెబుతుంది. అయితే మీ పెద్దల మాటలో ఉన్న నిజాన్ని కూడా ఒప్పుకోవాలి. సంఘం ఈ యాభై రోజులనూ పండుగగా ఆచరించి తీరాలన్న ఆజ్ఞ కొత్త నిబంధనలో లేదు. పండుగల విషయంలోనూ అమావాస్యల విషయంలోనూ ఎవరూ మీకు తీర్పు తీర్చకుండా చూసుకోమని కొలొస్సయులకు రాసిన పత్రిక చెబుతుంది. దినమును లక్ష్యపెట్టువాడు ప్రభువు కోసమే లక్ష్యపెడుతున్నాడని రోమా పత్రిక 14వ అధ్యాయం చెబుతుంది. కనుక దీనిని చట్టంగా ఎవరి మీదా రుద్దకూడదు. కానీ అదే కొలబద్దతో చూస్తే భస్మ బుధవారానికీ నలభై రోజుల ధ్యానాలకూ కూడా ఆజ్ఞ లేదు. శ్రమల కాలాన్ని ఆజ్ఞ లేకుండానే మేలు కోసం ఆచరిస్తున్న సంఘం, పునరుత్థాన కాలాన్ని ఆజ్ఞ లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చడం న్యాయం కాదని పెద్దలకు వినయంగా మనవి చేయండి.

పైగా ఈ రెంటిలో పాతది యాభై రోజుల పండుగే. సుమారు క్రీ.శ. 200 నాటికే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరంలో క్రైస్తవ రచయిత టెర్టులియన్, ఈస్టర్ నుంచి పెంతెకొస్తు వరకు విశ్వాసులు ఉపవాసం ఉండరనీ, మోకరించకుండా నిలబడి ప్రార్థిస్తారనీ, ప్రతి ఆదివారానికి ఉన్న సంతోషమే ఆ కాలమంతటికీ ఉంటుందనీ రాశాడు. నలభై రోజుల సిద్ధపాటు కాలం ప్రస్తావన స్పష్టంగా కనబడేది 325లో బిషప్పులందరూ కూడిన నీకయ సభ నాటికి. అదే సభ తన ఇరవయ్యవ నియమంలో ఆదివారాల్లోనూ పెంతెకొస్తు దినాల్లోనూ అందరూ నిలబడి ప్రార్థించాలని నిర్ణయించింది. ఆ శతాబ్దంలోనే అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియసు, ఈస్టర్ తేదీని తెలుపుతూ ఏటేటా సంఘాలకు పంపిన లేఖల్లో, ఆ రోజు నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి పెంతెకొస్తును ఆచరించమని రాసేవాడు. ఇవి కతోలిక, లూథరన్, బాప్టిస్టు అన్న పేర్లతో మనం విడిపోవడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందు సంగతులు. తన తాతగారి ఆస్తిలో తనకూ భాగముందని తెలియక దానిని పక్కింటివారిదిగా అనుకోవడం ఎవరికీ మంచిది కాదు.

మన ప్రాంతపు చరిత్ర తెలిస్తే పెద్దల అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అర్థమవుతుంది. 1840లో నెల్లూరులో పని ప్రారంభించిన అమెరికను బాప్టిస్టులు సంఘ పంచాంగాన్ని, అంటే ఏడాది పొడవునా పండుగలనూ కాలాలనూ వరుసగా ఆచరించే పద్ధతిని, వెంట తెచ్చినవారు కారు. వారికి ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే. భస్మ బుధవారంతో వారికి పని లేదు. గూడూరు, నాయుడుపేట వైపు పనిచేసిన హెర్మన్స్‌బర్గ్ మిషను వారు లూథరన్లు కనుక పంచాంగం ప్రకారం నడిచారు. 1928లో ఏర్పడిన నెల్లూరు కతోలిక మేత్రాసనంలో (బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతంలో) పాస్కా కొవ్వొత్తి, అంటే ఈస్టర్ కొవ్వొత్తి, వెలిగించి కాలమంతా పీఠం దగ్గర ఉంచుతారు. ఈ మూడు సంప్రదాయాలవారూ ఒకే జిల్లాలో, చాలా చోట్ల ఒకే వీధిలో, ఇప్పుడైతే ఒకే ఇంట్లో కూడా ఉంటున్నారు. శ్రమల ధ్యానాలను బాప్టిస్టు సంఘాలు ఇరుగుపొరుగు వారి నుంచి సంతోషంగా తీసుకున్నాయి. అందులో సగమే తీసుకొని రెండో సగాన్ని వదిలివేయడం వల్ల, సిలువ గురించి నలభై ప్రసంగాలూ లేచిన ప్రభువు గురించి ఒకే ఒక ప్రసంగమూ వినే సంఘాలు తయారయ్యాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. హిప్పో బిషప్పు అగస్టీను ఈస్టరుకు ముందున్న కాలం ఈ లోకంలోని మన కష్టాలకూ, తరువాతి యాభై రోజులు రాబోయే జీవితానికీ గురుతు అని బోధించాడు. మొదటిదాన్ని మాత్రమే అభ్యాసం చేసే సంఘం ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. పరలోకంలో చేయబోయే స్తుతికి మాత్రం ఇక్కడ గొంతు సవరించుకోదు.

బాప్టిస్టులకు ఈ కాలంతో మరో దగ్గరి సంబంధం కూడా ఉంది. బాప్తిస్మానికి అన్నిటికంటే తగిన దినం పస్కా (ఈస్టర్) అనీ, దాని తరువాత పెంతెకొస్తు వరకు ఉన్న కాలమంతా అందుకు అనుకూలమైనదనీ టెర్టులియన్ రాశాడు. క్రీస్తుతో పాతిపెట్టబడి ఆయనతో లేవడమే బాప్తిస్మం అయినప్పుడు ఇది సహజమే కదా. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి ఒక్క రోజున బాప్తిస్మం ఇచ్చిన సంఘ చరిత్ర మీది. ఆ రోజు ఈస్టర్ కాలంలోది కాదు. కరువు తగ్గి, పరీక్షించి చేర్చుకోవడానికి వీలైన సమయం అది. కానీ నీళ్ళలోంచి లేచిన మనిషిని చూసి సంతోషించడం మీ సంఘానికి ఎవరూ కొత్తగా నేర్పవలసింది కాదని చెప్పడానికి దీనిని గుర్తు చేస్తున్నాను. ఈ ఏడు బాప్తిస్మం తీసుకోవలసినవారు ఉంటే ఈస్టర్ నాడు గానీ ఆ తరువాతి ఆదివారాల్లో గానీ జరిపించమని పాస్టరు గారిని అడగండి. తీసుకున్నవారిని ఆ మర్నాడే మరచిపోకుండా, పెంతెకొస్తు వరకు వారం వారం ఒక పెద్ద వారి ఇంటికి వెళ్ళి కూర్చొని మాట్లాడాలి. నాలుగో శతాబ్దం చివర యెరూషలేమును దర్శించిన ఎజీరియా అనే స్త్రీ, అక్కడ కొత్తగా బాప్తిస్మం పొందినవారికి ఈస్టర్ తరువాతి ఎనిమిది రోజులూ ప్రభువు సమాధి ఉన్న మందిరంలోనే బోధ జరిగేదని రాసింది. బాప్తిస్మానికి ముందు పాఠాలు చెప్పి ఆ తరువాత వదిలివేసే మన అలవాటును అది సరిదిద్దుతుంది.

శుక్రవారపు ఉపవాస ప్రార్థన గురించి మీ సందేహం న్యాయమైనది, సున్నితమైనది కూడా. పెండ్లికుమారుడు తమతో ఉన్నంత కాలం పెండ్లి ఇంటివారు ఉపవాసం చేయరని ప్రభువు చెప్పిన మాటను బట్టి, తొలి సంఘం ఈ యాభై రోజులూ ఉపవాసం మానుకుంది. తపస్సు చేసుకునే సన్యాసులు సైతం యెరూషలేములో ఈ కాలంలో ఉపవాసం ఉండరని ఎజీరియా సాక్ష్యం. అయినా మీ కూడికను ఆపమని నేను చెప్పను. మన పల్లెల్లో శుక్రవారపు ప్రార్థన స్త్రీలకు ఎంత బలమో ఆ కూడికలో ఒకసారి కూర్చున్నవారికి తెలుస్తుంది. అప్పుల బాధ, భర్త తాగుడు, పిల్లలు కలగని బాధ, ఇంకెక్కడా చెప్పుకోలేనివన్నీ అక్కడే కదా చెప్పుకుంటారు. ప్రార్థన అదే సమయానికి అలాగే జరగనివ్వండి. ఉపవాసానికి బదులు, ప్రార్థన ముగిశాక అందరూ కలిసి భోజనం చేయండి. తలా ఒక కూర తెచ్చుకున్నా, మజ్జిగా అన్నమూ అయినా చాలు. లేచిన ప్రభువును శిష్యులు ఎక్కువసార్లు గుర్తుపట్టింది భోజనం దగ్గరే: ఎమ్మాయులో రొట్టె విరిచినప్పుడు, మేడగదిలో కాల్చిన చేప తిన్నప్పుడు, తిబెరియ ఒడ్డున నిప్పుల మీద చేపలు పెట్టి పిలిచినప్పుడు. వితంతువూ, ఇద్దరు కోడళ్ళున్న అత్తగారూ, పొలం నుంచి వచ్చిన కూలీ మనిషీ ఒకే చాప మీద కూర్చొని తినడం ఈ కాలానికి తగిన ఆరాధన. ఎవరైనా జబ్బుపడిన బిడ్డ కోసం మొక్కుకొని ఉపవాసం ఉంటే, వారిని ఆపవద్దు, ప్రశ్నించవద్దు.

నిలబడి ప్రార్థించడం విషయంలో ఇంత చెప్పనవసరం లేదు. మోకాళ్ళ ప్రార్థన మన సంఘాల ప్రాణం కనుక ఇళ్ళలో అది ఎప్పటిలాగే ఉండనివ్వండి. ఆదివారం ఆరాధనలో ఒక్క ప్రార్థనకైనా అందరినీ నిలబడమని పాస్టరు గారు ఎందుకో వివరించి చెబితే, ముసలివారు కూర్చొనే పాల్గొంటే సరిపోతుంది. తూర్పు దేశపు ఆర్థడాక్సు సంఘాలు పెంతెకొస్తు సాయంకాల ప్రార్థనలో మళ్ళీ మొదటిసారి మోకరిస్తాయి. ఇన్నాళ్ళూ నిలబడినవారికి ఆ మోకరింపు ఎంత బరువుగా ఉంటుందో ఊహించవచ్చు.

ఇప్పుడు ఎండల సంగతి. కూడికలు పెంచవద్దని నా గట్టి సలహా. నలభై రోజులు ప్రతి సాయంత్రం ప్రసంగం చేసిన పాస్టరు గారు ఈస్టర్ నాటికి గొంతు పోయి ఉంటారు. ఆయన్ను మరో యాభై రోజులు నిలబెట్టడం ప్రేమ కాదు. వడగాడ్పుల్లో ముసలివారినీ చంటిపిల్లల తల్లులనూ రమ్మనడం కూడా మంచిది కాదు. ఉన్న ఆదివారాలనే ఈస్టర్ ఆదివారాలుగా మార్చండి. 1969లో సవరించిన కతోలిక పంచాంగం ఈ యాభై రోజులనూ ఒకే పండుగ దినంగా, ఒక మహా ఆదివారంగా ఆచరించమని చెప్పి, ఈ ఆదివారాలను ఈస్టర్ తరువాతి ఆదివారాలు అనకుండా ఈస్టర్ కాలపు రెండవ ఆదివారం, మూడవ ఆదివారం అని పిలిచింది. మీ మందిరం నల్లబల్ల మీద పాస్టరు గారు అలా రాయించడానికి పైసా ఖర్చు లేదు. ప్రభురాత్రి భోజనపు బల్ల మీద పరచిన తెల్లని గుడ్డను పెంతెకొస్తు వరకు తీయవద్దు. పునరుత్థానపు కీర్తనలు మన పాటల పుస్తకంలో ఎన్నో ఉండగా ఒక్క ఉదయం రెండు పాడి పుస్తకం మూసేస్తున్నాము. ప్రతి ఆదివారం ఆరాధన వాటిలో ఒకదానితో మొదలుపెట్టండి. "ప్రభువు నిజముగా లేచెను" అని ఒకరంటే మిగతావారు అదే మాటతో బదులు చెప్పడం పిల్లలకు ఒక్క వారంలో వస్తుంది.

వాక్యపఠనానికి అపొస్తలుల కార్యములను ఎన్నుకోండి. ఈస్టర్ కాలంలో ఈ పుస్తకం చదవడం చాలా పాత ఆచారం. పెంతెకొస్తు తరువాత జరిగిన సంగతులను పెంతెకొస్తుకు ముందే ఎందుకు చదువుతారని జనం అడిగితే, అపొస్తలులు చేసిన అద్భుతాలే ప్రభువు లేచాడనడానికి రుజువు కనుక అని తొలి శతాబ్దాల ప్రసిద్ధ ప్రసంగీకుడు క్రిసోస్టము ఒక ప్రసంగంలో జవాబు చెప్పాడు. ఆ పుస్తకంలో 28 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు ఒకటి చొప్పున, ఆదివారాలు వదిలేసినా అయిదు వారాల లోపలే ముగుస్తుంది. పెద్ద అధ్యాయాలను రెండు రోజులకు పంచుకుంటే పెంతెకొస్తుకు సరిపోతుంది. రాత్రి భోజనాల తరువాత ఆరుబయట మంచాల మీద పిల్లల చేత చదివించండి. ఓడ పగిలిపోయే 27వ అధ్యాయం చదివే రాత్రి వాళ్ళంతట వాళ్ళే ముందుకు వస్తారు. సెలవుల్లో పిల్లలకు జరిపే వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూలు)కు కూడా ఇదే పుస్తకాన్ని ఆధారం చేసుకుంటే, ఇంట్లో విన్నదీ మందిరంలో నేర్చుకున్నదీ ఒకటవుతాయి.

మీ సంఘంలో సముద్రం మీద బ్రతికేవారు కూడా ఉంటే వారికి ఈ కాలం మరింత దగ్గరిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా వేట నిషేధం కనుక తుమ్మలపెంట, జువ్వలదిన్నె వైపు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. మగవారు ఇళ్ళ దగ్గర వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. చేతిలో డబ్బు ఆడని రోజులు కూడా అవే. రాత్రంతా వల వేసినా ఏమీ పడని పేతురును తెల్లవారి ఒడ్డున కలుసుకున్న ప్రభువు సంగతి, యోహాను 21వ అధ్యాయం, వారి మధ్య ఇసుక మీద కూర్చొని ఒక సాయంత్రం చదవండి. నూట ఏబది మూడు చేపలని సువార్త లెక్క చెబుతుంది. ఆ లెక్క ఎందుకు గుర్తుండిపోయిందో వేటకు వెళ్ళే మనిషి మనకంటే బాగా చెబుతాడు.

ఈ సూచనలన్నిటిలోనూ ఒక్కటి మాత్రమే చేయగలమంటే, స్త్రీల సమాజం ఈ పని చేయాలని నా కోరిక. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో వారాల పండుగను (పెంతెకొస్తును) గురించి చెబుతూ, నీవూ నీ పిల్లలూ మాత్రమే కాదు, నీ ఊళ్ళోని పరదేశీ, తల్లిదండ్రులు లేనివారూ, విధవరాండ్రూ నీతో కలిసి సంతోషించాలని దేవుడు ఆజ్ఞాపించాడు. అతనాసియసు కూడా తన ఈస్టర్ లేఖల్లో బీదలను మరవవద్దని గుర్తుచేసేవాడు. మీ ఇళ్ళలో పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉండే ఉంటుంది: ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన ప్రత్యేకంగా పెట్టుకున్న డబ్బాలో వేయడం. ఈ యాభై రోజులూ ఆ బియ్యాన్ని మందిరానికి కాకుండా, గడచిన సంవత్సరంలో చావు చూసిన ఇళ్ళకు ఇవ్వడానికి పాస్టరు గారి అనుమతి తీసుకోండి. వారానికి ఒక ఇల్లు చొప్పున ఇద్దరు ముగ్గురు స్త్రీలు వెళ్ళి, బియ్యం ఇచ్చి, ఒక పునరుత్థాన వాక్యం చదివి, ఆ ఇంటివారు చెప్పుకునేది విని రావాలి. బోధించవలసిన పని లేదు. మీ వదినగారి ఇల్లు కూడా ఆ వరుసలో ఉంటుంది. ఆ రోజు మీరు కార్యదర్శిగా వెళ్ళకుండా ఆమెతో పాటు చాప మీద కూర్చొని, వచ్చినవారి ప్రార్థన అందుకోండి.

పెద్దలతో వాదన పెట్టుకోవలసిన అవసరం ఈ సంవత్సరం లేదు. ఇంటి పఠనానికీ, స్త్రీల సమాజపు సందర్శనలకూ కమిటీ తీర్మానం అక్కరలేదు. పాస్టరు గారికి ముందుగా చెప్పడం మాత్రం మరవవద్దు. మీ అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి: తాను కళాశాలలో నేర్చుకున్నది సరైనదే, అయితే దానిని పెద్దల తప్పుగా ఎత్తి చూపకుండా, సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆదివారం ఎమ్మాయు కథ మీద పిల్లలకు పాఠం చెప్పి మొదలుపెట్టమనండి. బల్ల గుడ్డ, నల్లబల్ల, పాటలు అనే మూడు మార్పులకు పాస్టరు గారు ఒప్పుకుంటే ఈ ఏటికి అదే ఎక్కువ.

తేదీలు మీ సమాజపు పుస్తకంలో రాసుకోండి. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5. ఆరోహణ దినం నలభయ్యవ రోజు, మే 14, గురువారం. మందిరంలో ఆరాధన పెట్టడం వీలుకాకపోతే ఆ సాయంత్రం ఇళ్ళలోనే అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం చదువుకోండి. ఆ మర్నాటి నుంచి తొమ్మిది రోజులు, మేడగదిలో స్త్రీలతో, యేసు తల్లియైన మరియతో కలిసి శిష్యులు ఏకమనస్సుతో ప్రార్థించిన రోజులను తలచుకొని, పరిశుద్ధాత్మ కోసం ప్రతి ఇంట్లో ప్రార్థించండి. కతోలికులు ఈ రోజుల్లోనే నవదిన ప్రార్థనలు చేస్తారు. మీ శుక్రవారపు కూడికల్లో రెండు, మే 15, 22 తేదీలవి, ఈ రోజుల్లోకే వస్తాయి కనుక వాటిని ప్రత్యేకంగా సిద్ధం చేసుకోవచ్చు. మే 24 పెంతెకొస్తు ఆదివారం. ఆ ఆరాధన ముగిశాక బల్ల మీది తెల్లని గుడ్డను మడిచి పెట్టండి. మే 29 శుక్రవారం నుంచి ఉపవాస ప్రార్థన ఎప్పటిలాగే జరుపుకోండి.